మొదటి నీళ్లు పారబోసే మనిషి

మా తమ్ముడి కొత్తింటి గృహప్రవేశం నాడు పొద్దున్నే, ఆవు ఇంకా గుమ్మంలోనే ఉండగా, నేను వంటింట్లోకి వెళ్లి పంపు తిప్పాను. నీళ్ల కంటే ముందు వాసన వచ్చింది. ప్లాస్టిక్ పైపులు అతికించే గమ్ము వాసన. ముక్కులో దూరి అక్కడే కూర్చుండిపోయే వాసన అది. నా చెయ్యి దానంతటదే పంపు కట్టేసింది. కట్టేసి గుమ్మం వైపు చూశాను. ఇప్పుడే పిన్ని కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని లోపలికి వస్తుందనీ, నన్ను పక్కకు నెట్టి పంపు పూర్తిగా తిప్పేస్తుందనీ అనిపించింది. పిన్ని పోయి అప్పటికి నెల కూడా కాలేదు.

ఆవిడ మాకు చుట్టమేమీ కాదు. నరసరావుపేటలో పల్నాడు రోడ్డు మీద, లోపలికి తిరిగే ఒక సందు మొగలో వాళ్లకు పైపుల కొట్టు ఉంది. ముందు కొట్టు, వెనక ఇల్లు, ఆ ఇంటి వెనక రెండు గదులు. ఆ రెండు గదుల్లో మేము చాలా ఏళ్లు అద్దెకున్నాం. మా అమ్మను అక్కయ్యా అనీ, నాన్నను బావగారూ అనీ పిలిచేది కాబట్టి నాకు పిన్ని అయింది. బాబాయికి నడుము పట్టేసి కొట్టు మెట్లు ఎక్కలేకపోయిన దగ్గర్నుంచి గల్లా దగ్గర ఆవిడే కూర్చుంది.

పొట్టి మనిషి. గల్లా ముందున్న ఎత్తు స్టూలు ఎక్కితే కాళ్లు నేలకు అందేవి కావు. గమ్ము డబ్బాలు వచ్చే అట్టపెట్టెనొకదాన్ని బోర్లించి దాని మీద పాదాలు పెట్టుకునేది. కళ్లజోడు ఎక్కడ పెట్టిందీ మర్చిపోతుంటానని, ఇనప పైపుల మరలకు చుట్టే తెల్ల నూలుదారం దాని రెండు కొమ్మలకూ కట్టి మెళ్లో వేసుకుంది. పుస్తెల గొలుసు లోపల, నూలుదారం పైన. ఎవరైనా నవ్వితే, "బంగారం పోతే ఇంకోటి చేయించుకుంటా. కళ్లజోడు లేకపోతే ఈ ప్లంబరు నాయాళ్లు నన్నమ్మేస్తారు" అనేది. నోరు పెద్దది. కానీ తిట్లు తిన్న ప్లంబర్లే మళ్లీ సాయంత్రం ఆవిడ చేతి టీ తాగి పోయేవాళ్లు.

ఆ కొట్టుకో పద్ధతి ఉండేది. పిన్ని మామగారు పెట్టిన పద్ధతి. దీపాలవేళ వచ్చిన గిరాకీని లేదని తిప్పి పంపకూడదు. అసలు లేదనే మాటే ఆ ఇంట్లో వినపడేది కాదు. పగటిపూట సరుకు అయిపోతే "నిండుకుంది, రేపొచ్చుద్ది" అనేవాళ్లు. దీపం పెట్టే వేళకైతే అదీ అనేవాళ్లు కాదు. అడిగింది లేకపోతే దాని పక్కనున్నదేదో తీసి చేతిలో పెట్టేవాళ్లు. వట్టి చేతులతో వెళ్లిన మనిషి వెంట లక్ష్మి కూడా మెట్లు దిగి పోతుందని ఆ పెద్దాయన నమ్మకం.

ఆయన కాలంలో ఇది పెద్ద ఇబ్బంది కాలేదు, లేదా ఇబ్బంది అయినా ఎవరికీ తెలియలేదు. అప్పుడన్నీ ఇనప పైపులు. మరకు దారం చుట్టి, పైన సఫేదా అనే తెల్లముద్ద పూసి బిగించేవాళ్లు. అదే ముద్ద కిటికీలకు వేసే రంగులోకీ వెళ్లేది, మంచినీళ్ల పైపుకూ వెళ్లేది. పెద్ద డబ్బాలోంచి గరిటెతో తీసి బాదం ఆకులో పెట్టి ఇచ్చేవాళ్లు. అందులో సీసం ఉందేమో, అది తాగే నీళ్లలోకి దిగుతుందేమో అని అడిగినవాళ్లు లేరు. కారకుండా ఉంటే చాలు. "మా కొట్టు సరుకు కారదు" అని పిన్ని కూడా గర్వంగానే చెప్పేది, ఆ రోజు దాకా.

ఆ రోజు మా ఇంటి గృహప్రవేశం.

నాన్న రోడ్డుకు అవతల, సరిగ్గా ఆ కొట్టుకు ఎదురుగా స్థలం కొని ఇల్లు కట్టాడు. ముహూర్తం తెల్లవారుజామున. ఇల్లు కట్టేవాళ్లందరిలాగే మాకూ చివరి రోజు సాయంత్రానికి వంటింటి పంపు ఇంకా బిగించలేదు. ప్లంబరు పరిగెత్తుకుంటూ పిన్ని కొట్టుకు వెళ్లాడు. మంచినీళ్ల పైపుకు వాడే గమ్ము ఆ పూట అయిపోయింది. మురుగు పైపుల గమ్ము ఉంది. అప్పుడే పిన్ని దీపం వెలిగించి అగరొత్తి గుచ్చుతోంది. ఆ డబ్బా తీసి అతని చేతిలో పెట్టింది.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. కొత్తింటి పంపులో మొదటి నీళ్లు చెంబులో పట్టి, పసుపు కలిపి నాలుగు మూలలా చల్లి, మిగిలినవి ఇంటి పెద్ద తాగాలి. ఆ తర్వాతే పొయ్యి మీద పాలు. మొదటి నీళ్లు పారబోస్తే ఇంటి కలిమి పారబోసినట్టేనని ఒక్క చుక్క కూడా కింద పడనివ్వరు. అప్పటికి ఇంటి పెద్ద మా నాయనమ్మ. ముందురోజు నుంచి ఉపవాసం. చెంబు ఎత్తి ఒక గుక్క తాగి, "ఏందిరా ఇది, ఏదో వాసనొస్తంది" అంది.

"కొత్త పైపులు గదమ్మా. కొత్తింటి వాసన" అన్నాడు నాన్న. అందరం నవ్వాం. కొత్తిల్లన్నాక కొత్త వాసన ఉండొద్దా అని నాయనమ్మ కూడా నవ్వి మిగిలిన నీళ్లు తాగేసింది.

పాలు పొంగాయి. హోమం దగ్గర కూర్చున్న నాయనమ్మకు కళ్లు తిరిగాయి. తర్వాత వాంతులు. వడ్డించాల్సిన వేళకు ఆవిడ ఆసుపత్రిలో సెలైన్ కింద ఉంది. ఖాళీ కడుపు, హోమం పొగ, వయసు, నీళ్లు, వీటిలో ఏదైనా కావచ్చని డాక్టరు అన్నాడు. తేల్చి ఏదీ చెప్పలేదు. ఇప్పటికీ ఏదో నాకూ తెలియదు. ఆ మాట దగ్గర మేమందరం ఆగిపోయాం. పిన్ని ఆగలేదు. అంత హడావుడిలో ఆవిడ ఒక్కతే మా వంటింట్లోకి వెళ్లి, పంపు తిప్పి, అరచేతిలో నీళ్లు పట్టి వాసన చూసింది. నేను గుమ్మంలో ఉన్నాను. ఆవిడ ముఖం చూసి నాకు భయం వేసింది. "ఇది నా కొట్టు వాసనేనే అమ్మాయ్" అంది.

నాయనమ్మ ఇంటికి వచ్చాక పిన్ని బత్తాయిలు తీసుకుని వచ్చింది. నేను పక్కన కూర్చుని తొక్కలు తీస్తున్నాను. పిన్ని మంచం మీద కూర్చోలేదు, కింద కూర్చుంది. పెద్దమ్మగారూ అని పిలిచేది నాయనమ్మను.

"పెద్దమ్మగారూ, ఆ గమ్ము నేనిచ్చిందే. మంచినీళ్లది అయిపోతే మురుగు పైపులది ఇచ్చాను. రెండూ గమ్మే గదా, తెల్లారేసరికి ఆరిపోయిద్దిలే అన్నాను."

నాయనమ్మ ఆవిడ వైపు తిరిగింది. "తెలిసే ఇచ్చావా?"

"వేరే గమ్మని తెలుసు. తాగే నీళ్లకి చెరుపని తెలీదు. తెలుసుకుందామని తోచలా. దీపాలేళ ఉత్త చేతుల్తో పంపకూడదని అదొకటే తోచింది."

"డాక్టరు కూడా అదేనని చెప్పలా గదా."

"ఆయన మూత తీసి వాసన చూళ్లేదు."

"సరే, ఊరుకో. బయట ఎవురితోనూ అనమాక, కొట్టు పేరు పోయిద్ది. ఆడది గల్లా మీద కూర్చుందని ఇప్పటికే కుళ్లుకునేవోళ్లు చానామంది ఉన్నారు. నీ పిల్లోడికైతే అసలు చెప్పమాక. రేపు ఆ స్టూలు మీద కూర్చోవాల్సింది వాడు. ఇట్టాంటివి మోస్తా కూర్చుంటే వాడేం యాపారం చేస్తాడు?" అని నా వైపు తిరిగింది. "ఏమే, నువ్వేమీ విన్లా. అర్థమైందా?"

అర్థమైందన్నాను.

ఆ మర్నాడే పిన్ని ప్లంబరును వెంటబెట్టుకుని వచ్చింది. నాన్న ఎంత వద్దన్నా వినకుండా వంటింటి గోడకు అతికించిన కొత్త పలకలు పగలగొట్టించి, ఆ అతుకులన్నీ కోయించి, సరైన గమ్ముతో కొత్తవి వేయించింది. అవి ఆరేదాకా ఎవరినీ పంపు దగ్గరకు రానివ్వలేదు. ఆరాక చాలాసేపు నీళ్లు వదిలి, దోసిలి పట్టి ముందు తనే తాగింది. తాగి నాయనమ్మ ముందు నిలబడింది.

"నువ్వు తాగావు, సంతోషమే. నాకు గొంతు దిగవే ఆ నీళ్లు" అంది నాయనమ్మ. కోపంతో అన్న మాట కాదు. ఒకసారి ఒంటికి పడని దాన్ని ఒళ్లు మళ్లీ ఒప్పుకోదు, అంతే. ఇత్తడి చెంబు పట్టుకుని రోడ్డు దాటి, కొట్టు పక్క సందులోంచి వెళ్లి, మేము అద్దెకున్నప్పుడు వాడిన పిన్ని వాళ్ల పెరటి పంపులో నీళ్లు పట్టుకుని తెచ్చుకోవడం మొదలుపెట్టింది. రోజూ పొద్దున్నే. మోటారు సైకిళ్ల మధ్య, ఆటోల మధ్య, చెంబు మీద అరచెయ్యి మూతగా పెట్టుకుని ఆ ముసలావిడ రోడ్డు దాటుతుంటే పిన్ని గల్లా దగ్గర నుంచి చూసేది. బేరం మధ్యలో ఉన్నా సరే, మాట ఆగిపోయేది. ఆ చూపు చూసిన ప్లంబర్లు ఏదో పాత అప్పు ఉందేమో అనుకునేవాళ్లట.

కొన్నాళ్లకు ఆ చెంబు పిన్ని చేతికి వచ్చింది. కొట్టు తియ్యకముందే నీళ్లు తెచ్చి మా వరండాలో పెట్టి వెళ్లేది. వాన పడినా తెచ్చేది. ఊరికి వెళ్లాల్సి వస్తే ముందురోజే బిందెతో తెచ్చేది. "ఎందుకే నీకీ చాకిరీ" అని నాయనమ్మ కసిరితే, "మీకు కాదులెండి, మా మొక్కకి పోస్తన్నా" అనేది. మా వరండాలో వాళ్ల మొక్కేదీ లేదు.

పిన్ని లేదనడం నేర్చుకున్నది అప్పుడే. కొత్తగా నడక నేర్చినవాళ్లు ఊరికే ఇల్లంతా తిరుగుతారు చూడండి, అలా ఆ మాటను అవసరం ఉన్నా లేకపోయినా వాడేది. ముందు ఆ సఫేదా డబ్బాను కొట్టులోంచి తీసేసింది. మామగారి ఫోటో కిందనే నిలబడి, శుక్రవారం, దీపాలవేళ, గట్టిగా "లేదు" అనేది. బాబాయి లోపల మంచం మీద నుంచి "అయ్యో, అయ్యో" అని మూలిగేవాడట. పక్క సందులో ఇంకో కొట్టు ఉంది. పిన్ని లేదన్నదంతా అక్కడ దొరికేది. ప్లంబర్లు ఈ కొట్టుకు లేదుకొట్టు అని పేరు పెట్టారు.

ఒకసారి నేను అక్కడే ఉండగా ఒక మేస్త్రీ వచ్చాడు. "రేపు పొద్దున ముహూర్తం అమ్మగారూ. ఏదో ఒక గమ్ము ఇయ్యండి."

"ముహూర్తం నీకు. గమ్ముకు ముహూర్తం ఉంటదా? ఎప్పటికి ఆరిద్దో ఎరికేనా?"

"ఏమోనమ్మా."

"మూత మీద రాసి ఉంటది గదరా, చదువుకోకూడదా?"

"నాకు చదువొస్తే గమ్మెందుకు పూస్తానమ్మా?"

కొట్టులో ఉన్నవాళ్లంతా నవ్వారు. పిన్ని నవ్వలేదు. కళ్లజోడు పెట్టుకుని, డబ్బా దీపం దగ్గరకు జరుపుకుని, వ్రతకథ చదివినట్టు ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. ఇంగ్లీషు సగం తప్పు, సగం ఒప్పు. ఆరేదాకా నీళ్లు వదలొద్దు, ఆరాక బాగా వదిలి పారబోసి ఆ తర్వాతే వాడుకోండి అన్న దగ్గర మాత్రం తప్పు పోలేదు. మేస్త్రీ చేతులు కట్టుకుని విని, ఆమె చూడకుండా పక్క సందులోకి వెళ్లాడు.

గృహప్రవేశాల సంగతి ఇంకో కథ. ఊళ్లో సగం ఇళ్లకు పైపులు ఆవిడ కొట్టువే కాబట్టి పిలుపులు చాలానే వచ్చేవి. ఎవరింటికి వెళ్లినా ఆవుకు దణ్ణం పెట్టదు, బొట్టు పెట్టించుకోదు, తెచ్చిన స్టీలు గిన్నె ఎవరి చేతికిచ్చిందో కూడా చూసుకోదు. నేరుగా వంటింట్లోకి వెళ్లి పంపు తిప్పేది. కాలువ నీళ్ల కోసం ఎదురుచూసే ఊళ్లో, బిందె నిండితే పండగనుకునే ఊళ్లో, కొత్తింటి మొదటి నీళ్లను తూములోకి వదిలేసేది. మధ్యమధ్య అరచేతిలో పట్టి వాసన చూసేది.

"ఏందమ్మా, లక్ష్మిని పారబోస్తన్నావు?" అని ఒక ముసలాయన అరిచాడు.

"లక్ష్మి కాదు బాబాయ్, గమ్ము."

ఒక బట్టల షాపాయన ఇంట్లో అయితే మరీ అన్యాయం చేసింది. ఎంత వదిలినా వాసన పోవడం లేదని మిద్దె మీది ట్యాంకు మొత్తం ఖాళీ చేసేసింది. తీరా చూస్తే ఆ వాసన కిటికీలకు కొత్తగా వేసిన రంగుది. వంటవాళ్లు బియ్యం కడిగేందుకు నీళ్లు లేక గరిటెలు పట్టుకుని నిలబడ్డారు. ట్యాంకరు వచ్చేదాకా ఆ షాపాయన అందరి ముందూ పిన్నిని నానా మాటలూ అన్నాడు. తలవంచుకుని వింది. ఆయన ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు, "తప్పే నాది. అరవండి. ఎవరికీ వాంతులు కాలా గదా" అంది. ఆయనకు ఏమర్థమై ఉంటుంది? నాకు మాత్రం అర్థమైంది. అర్థమైనా చిరాకు పడ్డాను. దారిలో, "ఇట్లా ఎన్నిళ్లకని తిరుగుతావు పిన్నీ?" అన్నాను.

"పిలిచినోళ్లింటికి పోతా. పిలవకపోతే పోను" అంది.

నాయనమ్మ పోయిన రోజు ఒకటి చెప్పాలి. అది ఆ నీళ్ల వల్ల కాదు. చాలా ఏళ్ల తర్వాత, వయసు మీద పడి, నెమ్మదిగా పోయింది. మధ్యాహ్నం ఊపిరి మారింది. నోట్లో తులసి నీళ్లు పొయ్యాలని నాన్న కేక వేస్తే నేను వంటింట్లోకి పరిగెత్తి గ్లాసుతో నీళ్లు పట్టుకొచ్చాను. పిన్ని మంచం పక్కనే ఉంది. నా మణికట్టు పట్టుకుంది. "ఆ నీళ్లొద్దే. పెద్దమ్మగారికి గిట్టవు" అని లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలో రోడ్డు దాటింది. ఆవిడ అలా పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. చెంబుతో తిరిగి వచ్చేసరికి నాయనమ్మ ఉంది. తాగిందో, పెదాల మీది నుంచి జారిపోయాయో తెలియదు. నాన్న మాత్రం తాగిందనే అన్నాడు.

అంతా అయిపోయాక వరండాలో నా పక్కన కూర్చుని పిన్ని ఏడ్చింది. "సొంతిల్లు కట్టుకుని, ఆఖరికి నా ఇంటి నీళ్లతో పోయిందే. తన ఇంటి నీళ్లు ఒక్క చుక్క నోట్లో పడకుండా చేశాను." నేను ఆవిడ వీపు నిమిరాను. అది నీ తప్పు కాదని చెప్పొచ్చు. డాక్టరు చెప్పిన మాట గుర్తు చెయ్యొచ్చు. అన్నీ అంతకుముందు చెప్పి చూసినవే. వాటిని కూడా లేదుకొట్టులో లేదన్నట్టే తిప్పి పంపేది.

మొన్న ఎండల్లో, మధ్యాహ్నం కొట్టు కట్టేసి నడుం వాల్చిన పిన్ని మళ్లీ లేవలేదు. ఇప్పుడు కొట్టు మీద కొడుకు కూర్చుంటున్నాడు.

ఇదంతా తలుచుకుంటూ తమ్ముడి వంటింట్లో నేను ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మేనత్త పసుపు గిన్నె పట్టుకుని వచ్చేసింది. వెనక అమ్మ. ఇప్పుడు ఇంటి పెద్ద అమ్మే. ముందురోజు నుంచి ఉపవాసం, కడుపు పట్టుకుని నీరసంగా నవ్వుతోంది. అత్త చెంబు నా చేతికిచ్చి, "కానీయమ్మాయ్, ముహూర్తం దాటిద్ది" అంది. నిజం చెప్తున్నాను, పంపు కొంచెం తిప్పి చెంబు కింద పెట్టాను. తమ్ముడి మామగారు గడియారం చూస్తున్నాడు. మరదలి తరఫు వాళ్లంతా గుమ్మంలో ఉన్నారు. ఆడపడుచు వచ్చి ముహూర్తం చెడగొట్టిందంటారు. కొంచెమే గదా, ఒక గుక్కే గదా అనుకున్నాను. చెంబు సగం నిండే దాకా అలాగే అనుకున్నాను. అమ్మ చెయ్యి చాపింది.

చెంబు తూములో బోర్లించాను. పంపు పూర్తిగా తిప్పేశాను.

"అదేందే!" అని అత్త గుండెలు పట్టుకుంది. తమ్ముడి మామగారి ముఖం ఎర్రబడింది. అరచేతిలో నీళ్లు పట్టి తమ్ముడి ముక్కు దగ్గర పెట్టాను. వాడు వాసన చూసి ప్లంబరును పిలిచాడు. పక్కింటి నుంచి బిందెతో నీళ్లు తెప్పించి పాలు పొంగించారు. వంటింటి అతుకులన్నీ మళ్లీ వేయించాలని ఖాయమైంది. సాయంత్రం దాకా నన్ను ఎవరూ సరిగ్గా పలకరించలేదు. పిన్ని ఇన్నేళ్లు ఇదెట్లా పడిందా అనుకున్నాను.

"గమ్ము ఎక్కడ తెచ్చావయ్యా?" అని ప్లంబరును అడిగాను.

"ఇంకెక్కడక్కా, లేదుకొట్టులోనే. ఇప్పుడక్కడ అన్నీ ఉంటన్నాయి."

ఆ సాయంత్రమే కొట్టుకు వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సిందేమో. గల్లా వెనక గోడకు పిన్ని ఫోటో, దండ. ఫోటో మేకుకు ఆ కళ్లజోడు, నూలుదారంతో సహా వేలాడుతోంది. కొడుకు నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు. నేను సంగతి చెప్పాను. మొహమాటంగా నవ్వాడు.

"నిన్న మంచినీళ్లది అయిపోయిందక్కా. రెండూ గమ్మే గదా, తెల్లారేసరికి ఆరిపోయిద్దని ఇచ్చా. ఏం చెయ్యమంటావు? లేదు లేదు అని అమ్మ గిరాకీ మొత్తం పక్క సందులోకి తోలింది. అమ్మ చాదస్తం నీకు తెలవందేముంది?"

అవే మాటలు. నాయనమ్మ మంచం పక్కన కింద కూర్చుని తల్లి చెప్పిన మాటలే, కొడుకు స్టూలు మీద కూర్చుని నవ్వుతూ చెప్పాడు. పైగా చాదస్తం అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఆ కోపంలో మొత్తం చెప్పేశాను. గృహప్రవేశం, నాయనమ్మ తాగిన నీళ్లు, బత్తాయిలు, కొడుక్కి చెప్పొద్దన్న మాట, చెంబు, ఆఖరి రోజు ఎండలో పరుగు. అతను మొదట అడ్డం రాబోయాడు. తర్వాత మానేశాడు. చిన్నప్పుడు బడికి వెళ్తూ తల్లి చేతిలో రోజూ చూసిన చెంబే అది. ఎందుకని ఎప్పుడూ అడిగి ఉండడు.

అప్పుడే ఒక ప్లంబరు మెట్లెక్కాడు. "అన్నా, వంటింట్లోకి మంచినీళ్ల గమ్ము ఒక డబ్బా."

అతను వెనక అరల వైపు చూశాడు. మంచినీళ్ల గమ్ము అర ఖాళీగా ఉంది. పక్క అరలో మురుగు పైపుల డబ్బాలు వరసగా ఉన్నాయి. దీపం పెట్టాల్సిన వేళ.

"లేదు" అన్నాడు.

"ఏదో ఒకటి ఇయ్యన్నా. తెల్లారి పనుంది."

"లేదన్నా గదా. రేపు రా."

ప్లంబరు విసుక్కుంటూ మెట్లు దిగి వెళ్లాడు. నాకు సంతోషం కలగాలి. ఒక నిమిషం కలిగింది కూడా. అప్పుడతను నా వైపు తిరిగి, చిన్నపిల్లాడిలా అడిగాడు: "అమ్మ నాకు చెప్పలా. మీ నాయనమ్మ చెప్పొద్దంది. మరి నువ్వెందుకు చెప్పావక్కా?"

"మా అమ్మ తాగబోయింది రా ఆ నీళ్లు" అన్నాను.

అది నిజమే. కానీ గమ్ము మార్చమని చెప్పడానికి ఆ ఒక్క ముక్క చాలు. మిగిలినదంతా నేను కోపంతో చెప్పింది. అతను నా మీద నుంచి కళ్లు తిప్పుకుని రోడ్డు అవతల మా ఇంటి వైపు, నాయనమ్మ దాటి వచ్చిన వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. బేరం మధ్యలో మాట ఆపేసి పిన్ని చూసిన చూపే. అది కొడుకు దాకా రాకూడదనే ఆవిడ ఊరందరి చేతా చాదస్తం అనిపించుకుంది. ఆఖరికి కొడుకు చేత కూడా. ఇన్నేళ్లు ఆవిడ ఒక్కతే మోసినదాన్ని నేను ఒక్క సాయంత్రంలో తెచ్చి అతని గల్లా మీద పెట్టాను. కొడుకుకు చెప్పొద్దన్న మాట వింటూ ఆ రోజు నాయనమ్మ పక్కన కూర్చుని బత్తాయి తొక్కలు తీసింది నేనే.

అతను లేచి దీపం వెలిగించాడు. నేను చెప్పులేసుకుని మెట్లు దిగాను.